బోర్డు మీద ఎవరి పేరు

మా అసిరమ్మ అక్క చేతి ఇడ్లీ తిన్నవాడు మళ్లీ రాకపోతే నన్నడగండి. ఎనభై రెండులో గాజువాక పక్కన స్టీలుప్లాంటు పనులు ఊపందుకున్నాయి. పొద్దున్నే లారీల్లోంచి దిగే కూలీలకు అక్క ఇంటి అరుగు మీదే ఇడ్లీలు వేసి అమ్మేది. గిరాకీ చూసి మా నీలకంఠం బావ రోడ్డు పక్కన ఒక పాక అద్దెకు తీసుకున్నాడు. ఇక ఆ ఇంట్లో పండగే. కొత్త గిన్నెలు, బల్లలు, గోడలకు సున్నం. అక్కకు కాలు ఒకచోట నిలవలేదు.

పేరు దగ్గరే నాకు ఒళ్లు మండింది. బావ ఎవరినీ అడగకుండా 'నీలకంఠం టిఫిన్ సెంటర్' అని తేల్చేశాడు. ఆయనకు పిండి రుబ్బడం తెలియదు, చట్నీలో ఉప్పెంతో తెలియదు. తినడం మాత్రం బాగా తెలుసు. అక్క నాతో ఒక్కసారే అంది, "బోర్డు మీద నా పేరుంటే బాగుణ్ణురా. మీ బావతో అనకు" అని. కాదంటాడని భయం కాదు, అడగడానికే సిగ్గు. అనొద్దంది కాబట్టి నోరు కుట్టుకున్నాను.

బావ పోర్టులో కలాసీ. ఉద్యోగంలో ఉన్నవాడు వ్యాపారం చేయకూడదు కనుక కాగితాల్లో యజమాని అక్కే. షాపు రిజిస్టరు చేయించడానికి ముగ్గురం లేబర్ ఆఫీసుకు వెళ్లాం. అక్క పెట్టెలోంచి పెళ్లిచీర తీసి కట్టింది. బావ పెళ్లినాడు కూడా తలకు అంత నూనె రాసుకోలేదు.

గుమాస్తా అక్కను షాపు పేరడిగాడు. అక్క తల వంచుకుంది. మళ్లీ అడిగాడు. మొగుడి పేరు మా ఆడవాళ్ల నోట రాదని ఆయనకు మాత్రం తెలియదా? బావ కల్పించుకోబోతే, యజమాని ఆవిడ కదా, ఆవిడనే చెప్పనివ్వమన్నాడు. రేపు కొట్లో కూర్చున్నాక ఎవరైనా పేరడిగితే ఏం చెబుతావని అక్కను నవ్వుతూ అడిగాడు.

"మా ఆయనొచ్చీదాకా ఉండమంతాను" అంది అక్క.

ఆఫీసంతా నవ్వింది. బావ నవ్వలేదు. పేరు తేల్చేసిన మహానుభావుడికి ఈ సంగతి అప్పటిదాకా తట్టనే లేదు. అక్క ముఖంకేసి చూసి, గుమాస్తా వైపు తిరిగి, "అసిరమ్మ టిపిన్ సెంటర్ అని రాయండి బాబూ" అన్నాడు.

నా సంతోషం ఇంతా అంతా కాదు. పెళ్లయి పదేళ్లయినా బావ అక్కను "ఒలే" అనే పిలిచేవాడు. ఆయన నోట ఆ పేరు నేను వినడం అదే మొదలు. అక్కకూ అదే మొదలు.

గుమాస్తా కలం అందుకున్నాడు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీ బావని ఇంకోపాలి సెప్పమనరా."

బావ చెప్పాడు. ఈసారి వరండాలో వాళ్లకు కూడా వినిపించింది.