తాడుకు అవతల అక్క

దేశం పుట్టిన ఏడాదే గేటాయనకు ఉద్యోగం పుట్టింది. అంతకుముందు ఆ వీధికి రాజుగారొకరుండేవారు. శిస్తు కట్టినన్నాళ్ళూ ఎవరు ఏ అరుగు మీద కూర్చున్నా ఆయనకు పట్టేది కాదు. రాజుగారు పోయారు, పెద్దమనుషులెవరో బల్ల చుట్టూ కూర్చుని గీత గీశారు, అది సరిగ్గా వీధి మధ్యలోంచి పోయింది. ఇటు మందుల షాపు ఒక దేశం, అటు చెప్పుల కొట్టు ఇంకో దేశం! నవ్వొచ్చే సంగతే గానీ అప్పుడెవరూ నవ్వలేదు. అందరూ జెండాలు కట్టే హడావిడిలో ఉన్నారు.

గీత మీద మొదట తాడు కట్టారు. దాని దగ్గర కాపలా ఉండడమే ఈయన పని. అక్క ఇల్లు తాడుకు అవతల, ఎదురుగానే. తల్లి పోయాక ఈయన్ని చంకనెత్తుకుని పెంచింది ఆ అక్కే. మధ్యాహ్నం కాగానే క్యారియర్ పట్టుకుని తాడు కిందనుంచి వంగి వచ్చేది.

"దేశం వచ్చిందని ఆకలెయ్యడం మానేసిందా ఏంట్రా?" అనేది.

తరవాత తాడు పోయి ఇనప గేటు వచ్చింది. యూనిఫారం, ఈల, అందరికీ ఫొటో కార్డులు వచ్చాయి. వీధిలో వాళ్ళందర్నీ వెంటపడి ఫొటోలు తీయించిన మనిషి తాను మాత్రం తీయించుకోలేదు. "గేటే నాదైతే నాకు కార్డేంటి?" అని మీసం మీద చెయ్యేసేవాడు.

రాజధాని నుంచి పెద్దాఫీసరు తనిఖీకి వచ్చిన రోజునే అక్క గేటు సందులోంచి దూరి వచ్చింది.

"ఒరే చిన్నోడా, చల్లారిపోతోంది, తిను!"

ఆఫీసరు కనుబొమలు ముడిచాడు. "ఎవరీవిడ?"

ఉద్యోగం ఊడినట్టేననుకున్నాడు గేటాయన. "తెలీదు సార్. అటువైపు మనిషి," అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఈల కూడా ఊదాడు.

అక్క ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. "తప్పయిపోయింది బాబూ, చూసుకోకుండా వచ్చేశాను," అని ఆఫీసరుకు దణ్ణం పెట్టి వెనక్కి తిరిగింది. తమ్ముడి ఉద్యోగం నిలబెట్టింది.

ఆ తరవాత క్యారియర్ రాలేదు. అక్క మాత్రం బజారు పని మీద వచ్చినప్పుడల్లా కార్డు పట్టుకుని వరసలో నిలబడేది. "చూడండి సార్" అనేది. వెటకారమేమోనని ఆవిడ మొహంలో వెతికేవాడు. వెటకారం లేదు. ఉన్నా బాగుండేది! సిగ్గుతో చితికిపోతూనే కార్డు తిప్పి చూసి "వెళ్ళమ్మా" అనేవాడు. అక్కా అని పిలుద్దామంటే వెనకాల ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. పిరికివాడికి సాకులు కరువా!

రిటైరైన మర్నాడు మామూలు చొక్కా వేసుకుని అటు వెళ్ళాడు. అవతలి కాపలాదారు పాత నేస్తం, నవ్వి వదిలేశాడు. అక్క కళ్ళనీళ్ళు తుడుచుకుని లోపలికి రమ్మంది, వడ్డించింది. క్షమించమని అడుగుదామని వెళ్ళిన మనిషి తలొంచుకుని మెతుకులు మింగాడు. తిరుగు ప్రయాణంలో సాగనంపడానికి అక్క గేటు దాకా వచ్చింది.

ఇవతల ఆ పొద్దుటే రాజధాని నుంచి దిగిన కొత్త గేటుమనిషి చెయ్యి చాపాడు. "కార్డు?"

"నేనేనయ్యా, నిన్నటిదాకా ఈ గేటు నాదే..."

"అందరూ ఇలాగే చెప్తారు. పోనీ, మిమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

వరసలో ఉన్నవాళ్ళంతా ఎరిగినవాళ్ళే. అందరూ ఆయన ఈలకు హడలి చచ్చినవాళ్ళే. ఒక్కరూ నోరు విప్పలేదు.

"నేనెరుగుదును," అంది అక్క, వీధంతా వినబడేలా. "నా తమ్ముడు!"

గేటు తెరుచుకుంది. తలెత్తి అందులోంచి నడవడానికి గేటాయనకు మొహం చెల్లలేదు.