రిబ్బన్ కట్టిన జనరేటరు

2013 జూలై ఒకటి, ఉదయం తొమ్మిదిన్నర. శ్రీకాకుళం తీరంలో ముప్పై పడకల సర్కారు ఆసుపత్రి. సైనిక ఆసుపత్రుల్లో ఇరవై ఎనిమిదేళ్లు నర్సింగ్ అధికారిగా చేసి రిటైరైన నేను, అక్కడ పరిపాలనాధికారిగా చేరాను. రెండేళ్ల ఒప్పందం. చుట్టూ ఇసుక, సరుగుడు తోటలు. ఉప్పుగాలికి మంచాలన్నీ తుప్పు.

ఆసుపత్రి వెనక కొత్త జనరేటరు. టార్పాలిన్ కప్పి, చుట్టూ గులాబీ రిబ్బన్ కట్టారు. మంత్రిగారు వచ్చి కత్తిరించాలి.

"ఎప్పుడొస్తారు?" అని ఎలక్ట్రీషియన్‌ని అడిగాను.

"ఏప్రిల్ నుంచి ఇదిగో అదిగో అంటన్నారు. బొట్టెట్టి దండేసి కూకోబెట్టినాం అమ్మగోరూ. పెళ్లికొడుకే రాడు."

నవ్వాను. లెక్కలు చూశాక నవ్వు పోయింది. ఒక ఆసుపత్రికి ఒక జనరేటరే ఉండాలట. కొత్తది దిగగానే పాతదాన్ని వేలం వేసేశారు. ప్రారంభోత్సవం అయితేనే కొత్తది మాకు అప్పగించినట్టు. అప్పగిస్తేనే డీజిలుకు డబ్బు మంజూరు. సైన్యంలో తుపాకీ చేతికిచ్చి తూటాలకు ముహూర్తం పెట్టడం నేనెన్నడూ చూడలేదు. ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశాల్లో మూడుసార్లు అడిగాను. అధ్యక్షుడు మూడుసార్లూ టీ తాగి, వాయిదా వేసి వెళ్లాడు.

అక్టోబరులో గాలివాన పట్టింది. రెండో రోజు ఉదయం ఒక మత్స్యకారుడి భార్య నెలలు నిండకుండా ప్రసవించింది. ఆడపిల్ల. బరువు కిలో మూడు వందలు. తల్లికి రక్తస్రావం, ఒళ్లెరగని జ్వరం. పాపను వేడి దీపం కింద పెట్టి, ఆక్సిజన్ యంత్రం తగిలించాం. పదకొండూ పదికి కరెంటు పోయింది. చెట్లు పడి జిల్లా కేంద్రానికి దారి మూసుకుపోయింది.

పాపను తండ్రి చొక్కా లోపల, ఛాతీకి ఆనించి కట్టాను. ఒంటి వేడి ఒక్కటే మా దగ్గర మిగిలిన వేడి. ఆక్సిజన్‌కు ఒక చిన్న సిలిండరుంది. కత్తెర తీసుకుని ఆసుపత్రి వెనక్కి, జనరేటరు దగ్గరికి నడిచాను.

సూపరింటెండెంటు అడ్డొచ్చారు. మంచి డాక్టరు, భయస్థుడు. "మేడమ్, ఒక్క ఫోన్ చేసి అడుగుదాం."

"టవరు పడిపోయింది డాక్టరుగారూ."

రిబ్బన్ కత్తిరించాను. టాంకులో చుక్క లేదు.

పాప తాత అక్కడే నిలబడి చూస్తున్నాడు. "ఇంతా సేసి డీజిల్ లేదేటి? గొప్ప ఆసుపత్రే మీది! మా బోటులో ఉన్నాది, తెస్తానుండు." కావిడి భుజాన వేసుకుని వానలో వెళ్లాడు. సరుగుడు చెట్లన్నీ దారికి అడ్డంగా పడున్నాయి.

సిలిండరు ఒకటిన్నరకు అయిపోయింది. రెండూ నలభైకి పాప గుండె ఆగింది. తండ్రికి చెప్పాను. ఆయన చొక్కా గుండీలు విప్పలేదు.

తాత మూడు దాటాక రెండు డబ్బాలతో వచ్చాడు. నేను వార్డులో ఉన్నాను, ఆయనకు ఎవరూ చెప్పలేదు. టాంకులో తనే పోశాడు. "ఊఁ, తిప్పరా బావూ!" అని ఎలక్ట్రీషియన్‌ని తొందరపెట్టడం కిటికీలోంచి వినిపించింది.

నవంబరులో మంత్రిగారు వచ్చారు. కొత్త రిబ్బన్ కట్టారు. తుఫానులో సైతం నిరంతర సేవలందించిన ఆసుపత్రి అని ప్రసంగించారు. అందరూ చప్పట్లు కొట్టారు. అంతకుముందు వారం సంఘం సమావేశమైంది. చర్చ అంతా రిబ్బన్ గురించే. ప్రోటోకాల్ ఉల్లంఘించానని నాకు మెమో ఇచ్చి, డిసెంబరు ముప్పై ఒకటితో ఒప్పందం ముగించారు. పాప గురించి ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఒక పెట్టెతో గజపతినగరం బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

సరిహద్దు ఆసుపత్రుల్లో చాలా చూశాను. అవి నిద్రలోకి రావు. ఇది వస్తుంది. ఆ మధ్యాహ్నం, తాత డీజిల్ పోశాక జనరేటరు అందుకుంది. వార్డులో దీపాలు వెలిగాయి. వేసి వదిలేసిన ఫ్యాన్లన్నీ ఒక్కసారే తిరిగాయి. ఆ తండ్రి ఫ్యాను కింద బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ చొక్కా మీద అడ్డం పెట్టుకుని నా వైపు చూశాడు.

"ఫేనాపండమ్మా. పాపకి సలేస్తాది."

లేచి వెళ్లి స్విచ్చి ఆపాను.