మా తొట్టిలో మామ

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. చదివిందంతా నాకు తెలుసునన్నది ఒకటి, నా మీసం చూసి జనం జంకుతారన్నది రెండోది. (రెండోదాన్ని మా అమ్మ కూడా ఒప్పుకోలేదు.) డిగ్రీ చేతికి రాగానే కోట ఊరి దగ్గర సముద్రపు ఒడ్డున, పండుగప్ప చేపపిల్లల్ని పుట్టించే హేచరీలో చేరాను. పెద్దచేపల తొట్లుండే గదికి, అవి బెదరకుండా పట్టపగలే నల్ల గుడ్డలు కట్టి చీకటి చేసేవాళ్లు. టార్చి వేస్తే నీళ్లలో ఎర్రటి కళ్లు వెలిగేవి. నేను ఎటు నడిస్తే అటు తిరిగేవి. నిజం చెప్పొద్దూ, వణుకు పుట్టేది.

అన్నిట్లోకీ పెద్ద మగచేపకి మామ అని పేరు పెట్టుకున్నాను. నేను చేరిన ఏడు పొట్ట నొక్కగానే పాలలాంటి వీర్యం ధారగా ఇచ్చిన ఘనుడు. ఆ కృతజ్ఞతతో ఏడాదంతా నా చేత్తోనే కవళ్లనే చిన్నచేపలు మేపి బాగా బలిపించాను. మళ్లీ పిల్లల్ని పుట్టించే కాలం రాగానే మేనేజరు సారు పిలిచి, "ఈ తూరి మామ పని చెయ్యలేదనుకో, నువ్వు గూడా ఇంటికి పొయ్యేదే అబ్బయ్యా" అన్నాడు. ఉద్యోగం పర్మనెంటయిందని అమ్మకి అప్పటికే కోతలు కోసేసి ఉన్నాను.

లవంగనూనె నీళ్లలో మామని మత్తుగా పడుకోబెట్టి పొట్ట నొక్కాను. చుక్క రాలేదు. మళ్లీ నొక్కాను. చల్లటి ఒళ్లు చేతికింద మెల్లగా కదిలింది. పొట్ట కింది రంధ్రంలో సన్న గొట్టం పెట్టి పీల్చాను. బొంబాయి రవ్వలాంటి గుడ్లు! పెదవి మీద పాత గాలం మచ్చ అదే. చేప అదే. లోపలున్నది మాత్రం మామ కాదు. ఎర్రటి కన్ను నన్నే చూస్తోంది.

"సార్! మామకి ఏందో పట్టినాది సార్!" అని గావుకేక పెట్టాను.

సారు వచ్చి చూశాడు. చీకట్లో ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. "పండుగప్ప మగదిగా మొదలయ్యి, పెద్దదైనాక ఆడదవుతాది గదరా! పరీక్షలో ఏం రాసినావు?" అన్నాడు నవ్వాపుకోలేక.

రాశాను. బీజకణాలకి ఏ దారిన పోవాలో చెప్పేవి హార్మోన్లనీ, కణకేంద్రకంలో వాటి కబురు అందుకునేందుకు గ్రాహకాలు కాచుకుని ఉంటాయనీ, మగ కబురు తగ్గి ఆడ కబురు పెరిగితే వీర్యం బదులు గుడ్లు తయారవుతాయనీ బొమ్మలు వేసి మరీ రాశాను. (మంచి మార్కులే వచ్చాయి.) అవన్నీ నేను మేపే చేప పొట్టలో ఉంటాయని మాత్రం తోచలేదు.

"చిన్న మగదాన్ని తీసకరా పో. నిన్ను పంపిస్తే అత్తకి మేత ఎవరేస్తారు?" అన్నాడు సారు. ఆ మాటకి అక్కడే ఏడ్చేశాను.

ఇప్పుడు మీసమూ లేదు, నెత్తిన జుట్టూ లేదు. అద్దంలో చూసుకుని, ఆ కుర్రాడెటు పోయాడా అని దిగులుపడుతుంటాను. మామ మాత్రం ఎటు పోయాడు, ఆ నీళ్లలోనే ఉన్నాడు కదా అనుకుని, అద్దంలో మనిషిని చూసి నవ్వుతాను.