తవుడిచ్చి కొనుక్కున్న పేరు

మా చిన్నప్పుడు... అమెరికాలోని క్యారీలో మా స్కూల్ లైబ్రరీ నేల మీద బోర్లా పడుకుని, నేనూ ఆడ్రీ ఫ్లెచరూ పేర్ల పుస్తకం తిరగేస్తున్నాం. నాలుగో తరగతి ప్రాజెక్ట్... ఎవరి పేరుకి అర్థమేమిటో వాళ్లు అట్ట మీద రాసి క్లాసులో చెప్పాలి.

ఫ్లెచర్ అంటే బాణాలు చేసేవాడట. కూపర్ అంటే పీపాలు చేసేవాడు, టైలర్ అంటే బట్టలు కుట్టేవాడు కాదు, ఇంటికి పెంకులు వేసేవాడు. ఇక ఆడ్రీ అంటే ఘనమైన బలం... ఆ పేరుతో పూర్వం ఒక రాకుమారి కూడా ఉండేదట. దాని అట్ట నిండిపోయింది. నా అట్ట మీద ఒకటే లైను... శ్రావణి, శ్రావణ మాసంలో పుట్టింది.

నాకు చిన్నతనమనిపించింది. అందుకే నా రెండో పేరు దానికి చెప్పేశాను. ఇంట్లో నేను తవిటమ్మని. నాకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. నేను పుట్టగానే అమ్మమ్మ శ్రీకాకుళం నుంచి ఫోన్‌లో చెబితే, అమ్మ నన్ను పక్కింటి ఆంటీ ఒళ్లో పెట్టి, గుప్పెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుంది. ఇక్కడ తవుడెక్కడ దొరుకుతుంది... సూపర్ మార్కెట్‌లో ఓట్ బ్రాన్ డబ్బా కొన్నారట. అలా కొనుక్కున్న బిడ్డ దక్కుతుందని మావాళ్ల నమ్మకం.

ఎవరికీ చెప్పనని ఆడ్రీ చిటికెన వేలు కలిపి ఒట్టేసింది.

క్లాసులో నా వంతు వచ్చింది. శ్రావణి గురించి చెప్పి కూర్చోబోతుంటే ఆడ్రీ చెయ్యెత్తింది. “తన అసలు పేరు అది కాదు. ముందు పుట్టిన బేబీస్ ఇద్దరూ చనిపోయారని, వాళ్ల మమ్మీ తనని బ్రాన్ ఇచ్చి కొనుక్కుంది.”

క్లాసంతా నవ్వింది. టీచర్ నవ్వలేదు... అదే ఇంకా పెద్ద తంటా తెచ్చింది.

ఆ మధ్యాహ్నమే అమ్మని స్కూల్‌కి పిలిపించారు. పిల్లని కొనడమేమిటని అడిగారు. ముక్కూ మొహం తెలియని కౌన్సెలర్ ముందు కూర్చుని, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, అమ్మ పోయిన ఇద్దరి గురించీ చెప్పుకోవాల్సి వచ్చింది. పక్క కుర్చీలో నేను.

కార్‌లో ఒక్కటే మాటంది. “నీకని చెప్పుకున్నానే... అందరికీ చెప్పెయ్యమనా?”

మర్నాడు లంచ్‌లో ఆడ్రీ ఏమీ జరగనట్టు నా పక్కనే కూర్చుంది. “నీ స్టోరీ నాదానికంటే బాగుంది కదా, అందుకే చెప్పాను” అంది. మరి ఒట్టు సంగతేమిటని అడిగితే భుజాలెగరేసింది. నేను లేచి వేరే టేబుల్‌కి వెళ్లిపోయాను. దాన్ని ఇప్పటికీ క్షమించలేదు... నాకు పెద్ద మనసు లేదనుకున్నా సరే.

ఇప్పుడు మా ఫ్రెండ్సంతా పిల్లలు పుట్టకముందే ఫోన్‌లో అర్థాలు వెతికి పేర్లు పెడుతున్నారు. అన్నీ అందమైన అర్థాలే...

అమ్మ ఆ రోజు నుంచి నన్ను శ్రావణి అనే పిలుస్తోంది. మొన్న ఫోన్‌లో, ఒక్కసారి తవిటమ్మా అని పిలవమన్నాను. “ఆ పేరెందుకమ్మా ఇప్పుడు... మళ్లీ ఎవరైనా వింటారు” అంది.

మీకూ ఇంట్లో అలాంటి పేరొకటి ఉందా... ఎవరు పిలిచేవారో చెప్పండి, వింటాను. పేరు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.