కైకలూరులో నేను గెలవని పులుసు

ఆ రోజుల్లో కైకలూరు వెళ్ళి, కొల్లేటివాళ్ళకే చేపల పులుసు వండి పెట్టి, ఊరి నోరు మూయించి వచ్చిన వీరనారి అని మా ఆయన నన్ను బంధువులందరికీ పరిచయం చేస్తుంటారు. ఆ కథలో కైకలూరు ఒక్కటే నిజం. పాతికేళ్ళుగా ఖండిస్తున్నా ఆయన వినరు. (ఇంట్లో ఇంకే విషయంలోనైనా నేను ఖండించాక రెండోమాట ఉండదు. నన్ను పొగిడే ఈ ఒక్క అబద్ధం దగ్గరే ఆయనకి ఎక్కడలేని ధైర్యం వస్తుంది.) అందుకని ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

ఏలూరులో డిగ్రీ అయ్యాక కైకలూరులో ఓ ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాను. మాది పెంటపాడు. పెళ్ళికాని పిల్లని పరాయి ఊళ్ళో ఉంచడానికి మా అమ్మ ససేమిరా అంది. చివరికి మా చర్చివాళ్ళకి తెలిసినావిడ ఒకరు తన పెరటిగది ఇస్తానంటే దిగొచ్చింది. "ఆ ఇల్లయితేనే ఉద్యోగం. ఆవిడ వద్దన్న రోజున పెట్టె సర్దుకుని వచ్చెయ్" అని షరతు. ఆవిణ్ణి నేను అత్తయ్యగారూ అని పిలిచేదాన్ని. ఒంటరి మనిషి, పొడుగ్గా, తెల్లచీరలో, చర్చి గంట మోగకముందే ముందు బెంచీలో ఉండే మనిషి. ఆవిడ చేపల పులుసు ఆ వీధికంతటికీ గొప్ప. నాకు మాత్రం ఎవరిదైనా గొప్ప అని ఊరంతా అంటుంటే నాలుక దురద పెడుతుంది.

ఒంటిపూట బడుల కాలం. మధ్యాహ్నం ఆవిడ పెట్టిన పులుసన్నం తింటూనే అన్నాను: "బాగానే ఉందిగానండీ, మా పెంటపాడులో అయితే మామిడికాయ వేస్తారు. దాని ముందు ఇది చారులా ఉంటుందండీ."

ఆవిడ గరిటె కింద పెట్టారు. "మామిడికాయ పప్పులో వేస్తారమ్మా, చేపల్లో కాదు."

"మీరు తినలేదు కాబట్టి అలా అంటున్నారండీ."

"నువ్వు వండుతావా?"

"ఓ, బ్రహ్మాండంగా వండుతానండీ!"

"అయితే వచ్చే ఆదివారం పాస్టరుగారి కుటుంబం భోజనానికొస్తున్నారు. నువ్వే వండు. ఇంత నోరున్న పిల్లకి చెయ్యి కూడా ఉండాలి. లేకపోతే ఆ గది ఇంకెవరికైనా ఇచ్చుకుంటాను" అన్నారు, నవ్వకుండా.

అప్పటికి నేను వండినవల్లా హాస్టల్లో దొంగచాటుగా హీటరు మీద ఉడికించిన గుడ్లు. చదువుకునే పిల్లనని అమ్మ పొయ్యి దగ్గరకే రానిచ్చేది కాదు. ఆ సాయంత్రమే ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తాను. అమ్మ అన్నీ చెప్పింది: కొర్రమీనుని బూడిదతో రుద్దమంది, మామిడికాయ చెక్కు తియ్యమంది, గరిటె పెడితే ముక్క విరుగుతుంది, గిన్నె పట్టుకుని ఊపమంది. ఒక్కటి చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని అమ్మకి తోచి ఉండదు. ఊపిరి పీల్చుకోమని ఎవరైనా చెప్తారా?

శనివారం సాయంత్రం అత్తయ్యగారు గది గుమ్మంలోకొచ్చారు. "ఏమ్మా, చేప తేలేదా?"

"రేపు పొద్దున్నే తెస్తానండీ. వేడివేడిగా ఉంటేనే కదండీ రుచి!"

ఆవిడ "ఓహో. మీ పెంటపాడులో అలాగా" అని వెళ్ళిపోయారు. కాసేపటికి పులుసు వాసన వస్తే, పక్కింటివాళ్ళదనుకున్నాను. (కైకలూరులో చేపల వాసన ఎక్కణ్ణుంచి వస్తోందని ఎవరూ వాకబు చెయ్యరు.)

ఆదివారం తెల్లారగానే చేప తెచ్చి, చర్చి వేళకి వండేశాను. రుచి చూస్తే పులుసు దారి పులుసుది, ముక్క దారి ముక్కది. మామిడికాయ ఎవరితోనూ మాట్లాడకుండా పైన తేలుతోంది. అమ్మ చెప్పినవన్నీ చేశానే! పాస్టరుగారి ప్రసంగం సాయంత్రందాకా సాగాలని ఆ రోజు ప్రార్థన చేసినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆఖరి పాట మొదలవగానే అత్తయ్యగారు లేచి ఇంటికెళ్ళిపోయారు.

భోజనాల దగ్గర ఆవిడే వడ్డించారు. నేను కళ్ళు మూసుకుని మొదటి ముద్ద పెట్టుకున్నాను. తెరిచాను. పైన నూనె తేలి ఉంది, ముక్క లోపలిదాకా పులుపూ కారమూ పట్టి ఉంది, మామిడికాయ వెన్నలా కరిగింది. అది రాత్రంతా ఊరిన పులుసు. మా ఇంట్లో ప్రతి ఆదివారం నేను లొట్టలేసుకుంటూ తిన్నది అమ్మ శనివారం వండినదని, ఇరవై రెండేళ్ళొచ్చాక, ఆ పీట మీద కూచుని తెలుసుకున్నాను.

"టీచరుగారూ, పెంటపాడు పెంటపాడేనండీ!" అన్నారు పాస్టరుగారు. ముదినేపల్లి నుంచొచ్చిన ఆయన బావమరిది తలెత్తకుండా మూడోసారి వేయించుకున్నారు. (ఆయనే ఇప్పటి మా ఆయన.)

"ఏం చేస్తామండీ, మేం ఓడిపోయాం" అన్నారు అత్తయ్యగారు, వీధిలో తన పేరు నిలబెట్టిన ఆ పులుసుని గరిటెతో ఊరికే నా పేరన వడ్డించేస్తూ. నేను నోరు తెరిచాను. "తినమ్మా, తినేటప్పుడు మాట్లాడకూడదు" అని ఆ తెరిచిన నోట్లో ఇంకో ముక్క పెట్టేశారు.

అందరూ వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళాను. "అది నేను వండింది కాదండీ."

"గిన్నెలు కడుగు ముందు."

"మామిడికాయ మీకు గిట్టదు కదండీ, ఎందుకు వేశారు?"

"పెంటపాడు పులుసులో మామిడికాయ లేకపోతే ఎవరు నమ్ముతారే?" అని, నీళ్ళచెంబు నా చేతికిస్తూ అన్నారు: "ఉద్యోగం చేసుకునే పిల్లవి. వంటదేముంది, ఎప్పటికైనా వస్తుంది. నీ నోటికి ఈ ఊళ్ళో ఇంకెవరూ గది ఇవ్వరు."

నేను చెంబు అందుకుని గిన్నెల ముందు కూచున్నాను. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో శనివారం పొద్దుగూకకముందే పులుసు దించేసి మూతపెట్టి, ఆదివారందాకా ఎవర్నీ ముట్టుకోనివ్వను. మా ఆయన లొట్టలేస్తూ "అదే చెయ్యి!" అంటారు. ఆ చెయ్యి ఎవరిదో ఇక ఇది చదివి తెలుసుకోవాలి.

నేను వండిన గిన్నె మాత్రం ఆ ఆదివారం మళ్ళీ కనబడలేదు. సోమవారం బడి నుంచి వచ్చేసరికి పెరట్లో, తళతళా తోమి బోర్లించి ఉంది. కైకలూరు వెళ్ళినప్పుడల్లా అడుగుతాను. అత్తయ్యగారికి అప్పటికప్పుడు చెవులు వినబడవు, లేదా ఆరేసిన బట్టలు గుర్తొస్తాయి. పారబోశారా అంటే, ఆవిడ అన్నం మెతుకు కూడా పారెయ్యరు. అందుకే మళ్ళీ అడుగుతున్నాను: అత్తయ్యగారూ, ఒక రాత్రి గడిచాక నా పులుసు ఎలా ఉందండీ?