తనను మార్చమని తనే అడిగిన మా దానియేలు సార్

నిన్న పొద్దున సూర్యాపేట బస్టాండ్‌లో ఉన్నాను. కోదాడ బస్సు ఎక్కబోతుంటే ఫోన్. మా ఫుట్‌బాల్ టీమ్ కోచ్ రాకేష్.

“అన్నా, దానియేలు సార్ పోయిండన్నా. నిద్రలనే పానం పోయిందంట.”

నేనేమన్నానో గుర్తు లేదు. బస్సెక్కి కూర్చున్నాను. కండక్టర్ వచ్చి అడిగితే కోదాడకు టికెట్ తీసుకున్నాను.

మొన్న ఆదివారమే కదా మాట్లాడింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. దానియేలు సార్ మా స్కూల్లో పీఈటీ. రిటైరయ్యాక కోదాడలో మా ఫుట్‌బాల్ క్లబ్ మొదలుపెట్టారు. ఊరంతా క్రికెట్ పిచ్చి. మా బాల్ వాళ్ళ పిచ్ మీదికి పోతే తిట్లే. ఆ వయసులో సారే పరిగెత్తుకుంటూ పోయి, సారీ చెప్పి, బాల్ తెచ్చేవారు.

నేను అక్కడే గోల్‌కీపర్‌గా ఆడాను. తర్వాత క్లబ్ సెక్రటరీ అయ్యాను.

సార్‌కు పిల్లలు లేరు. మేడమ్ పోయాక ఇంట్లో ఆయనొక్కరే. సాయంత్రం గ్రౌండ్ ఉంది కాబట్టి ఆయనకు రోజు గడిచేది. ఈ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. కానీ వర్షం పడి ట్రైనింగ్ లేదని తెలిసిన రోజు కూడా గొడుగేసుకుని వచ్చి గేట్ దగ్గర కాసేపు నిలబడి పోయేవారు.

ఒక సీజన్ మాకు అస్సలు కలిసిరాలేదు. సూర్యాపేటలో ఓడాం. సొంత గ్రౌండ్‌లో ఓడాం. మిర్యాలగూడలో అయితే మరీ ఘోరం.

ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు హుజూర్‌నగర్‌లో సార్ వ్యాన్ ఆపించి అందరికీ మిర్చి బజ్జీలు తినిపించారు. తను మాత్రం ముట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. నేను దగ్గరికి పోయాను.

“శీనూ, వాళ్ళ పిల్లలు బాల్ రాకముందే జాగ పట్టుకుంటున్నరు. మనోళ్ళు బాల్ వచ్చినంక ఉరుకుతున్నరు. గది నేను నేర్పలే. నాకే సరిగ రాదు.”

ఆ తర్వాత క్లబ్ ప్రెసిడెంట్ గారింట్లో మీటింగ్ పెట్టారు. సార్‌ను ఉంచాలా, కొత్త కోచ్‌ను తేవాలా. మాట్లాడాల్సింది అదొక్కటే. సార్ కూడా అక్కడే ఓ మూల కుర్చీలో ఉన్నారు.

“సారంటే మాకు గౌరవమే. కానీ ఇట్లనే ఓడుతుంటే పిల్లలు ఒక్కొక్కరే క్రికెట్‌కు పోతరు. క్లబ్ మూతపడతది,” అన్నారు ప్రెసిడెంట్.

అందులో అబద్ధం లేదు. అయినా నాకు ఆగలేదు. లేచి నిలబడ్డాను.

“ఈ క్లబ్ పెట్టిందే సార్. ఇది కూడా తీసేస్కుంటే ఆయనకు ఇంకేం మిగులుతది?”

సారే మెల్లగా లేచారు.

“శీనూ, నువ్వు నా గురించి మాట్లాడుతున్నవ్. టీమ్ గురించి మాట్లాడు.”

నేను కూర్చున్నాను.

“నా బతుకు నేను సూస్కుంట. పిల్లలకు మంచి కోచ్ కావాలె. ఆట మారింది. ఇప్పటి ఆట తెలిసినోణ్ణి తెచ్చుకోండ్రి.”

ఆ తర్వాత టీ వచ్చింది. సార్ నిదానంగా తాగి, అందరికీ వస్తానని చెప్పి వెళ్ళిపోయారు.

అలా మిర్యాలగూడ నుంచి రాకేష్ వచ్చాడు. మొదటి రోజు సారే అతన్ని తీసుకొచ్చి పిల్లలకు పరిచయం చేశారు. మర్నాటి నుంచి రావడం మానేశారు.

ఎందుకు రావట్లేదని ఇంటికి పోయి అడిగాను.

“నేను గాడ నిలబడితే, తప్పు చేసినప్పుడల్లా పిల్లలు నా దిక్కే సూస్తరు. ఆయన పని సాగదు.”

మ్యాచ్‌లకైనా రమ్మన్నాను. రానన్నారు.

అప్పటి నుంచి ప్రతి మ్యాచ్ అయ్యాక నేను ఫోన్ చేసి ఆట మొత్తం చెప్పేవాణ్ణి. స్కోర్ ముందే చెప్పబోతే ఆపేసేవారు. “గోల్స్ సంగతి తర్వాత. మన రైట్ బ్యాక్ పోరడు ఎడమ కాలు వాడుతుండా లేదా? గది చెప్పు.”

మిర్యాలగూడ టీమ్‌ను మొదటిసారి ఓడించిన రోజు మాత్రం నేను ఆగలేక ముందే గెలిచామని చెప్పేశాను. అటు నుంచి చప్పుడు లేదు.

“సార్, ఉన్నరా?”

“ఉన్న. చెప్పు శీనూ. మొదట్నుంచి చెప్పు.”

ఒకసారి ధైర్యం చేసి అడిగాను, సాయంత్రాలు ఎట్లా గడుస్తున్నాయని.

“గాలి ఇటు కొడితే గ్రౌండ్ల పిల్లల అరుపులు ఇనబడతయి. గప్పుడు కిటికీ తీస్త. గాలి లేకుంటే టీవీ పెట్టుకుంట.”



నిన్న సమాధుల దగ్గర రాకేష్ నా పక్కన నిలబడి ఏడ్చాడు. ప్రతి మ్యాచ్ ముందు సార్ ఇంటికి వెళ్ళేవాడట. నిన్న పొద్దున కూడా అట్లనే వెళ్తే, సార్ పోయిన సంగతి తెలిసిందట.

“ఎవనికి కోపమెక్కువ, ఎవనికి భయమెక్కువ, అన్నీ సార్‌నే అడిగేటోణ్ణన్నా. మీకు చెప్పొద్దన్నడు. చెప్తే గ్రౌండ్‌కే గుంజుకపోతరన్నడు.”

ఈ రోజు సాయంత్రం కూడా ట్రైనింగ్ జరిగింది. పిల్లలు బాల్ రాకముందే జాగాలోకి వెళ్తున్నారు. చూస్తూ నిలబడ్డాను. ఆ మీటింగ్‌లో సార్ చెప్పినట్టే టీమ్ బాగుపడింది. ఆయనకేం మిగులుతుందని ఆ రోజు నేనడిగిన మాటా అంతే నిజమైంది. రెండూ నా కళ్ళ ముందే జరిగాయి.

వచ్చే ఆదివారం సూర్యాపేటలో మ్యాచ్ ఉంది సార్.

పోయి రండి. మేడమ్ దగ్గర ఇక ఒంటరితనం ఉండదు. ఆ ప్రభువు మీకు నెమ్మదినివ్వాలి.

మీ శీను