పది గుటకలు

మా ఇంట్లో మగవాళ్లు కంచం విసిరితే ఎందుకని ఎవరూ అడగరు. మా తాత విసిరాడు, మా నాయన విసిరాడు. కోవిల్‌పట్టికి తూర్పున నల్లరేగడి భూమి మా చేతిలో ఉన్నంతకాలం ఆ చప్పుడుకు పనివాళ్లు తలలు దించేవారు. భూమి పోయింది. ముందరి గదులు అగ్గిపెట్టెల గోదాముకు అద్దెకిచ్చాం. మిగిలినవి ఆ కంచు కంచం, ఆ కోపం.

ఆ కోపం వెనక రెండేళ్లు నేను దాక్కున్నాను.

నాలుగో ముద్ద దగ్గర అన్నం రొమ్ములో ఆగిపోయేది. కాసేపు రాయిలా కూర్చుని, తాగిన నీళ్లతో సహా పైకి వచ్చేది. మింగలేకపోతున్నానని చెప్పుకోవడం కంటే వంట బాగాలేదనడం తేలిక. ముద్ద ఆగిందని తెలియగానే కంచం గోడకేసి కొట్టి, పెరట్లోకి పోయి ఎవరూ చూడకుండా కక్కుకునేవాణ్ణి. నా భార్య మొదట బియ్యం మార్చింది. తర్వాత కారం తగ్గించింది. తర్వాత పొయ్యి ముందు ఏడవడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం నా చేతికి దొరికింది కంచం కాదు, ఇత్తడి చెంబు. అది గోడకు తగల్లేదు. ఆమె కనుబొమ్మ చీలి, రక్తం పులుసుగిన్నెలో పడింది.

నాలుగు కుట్లు వేసిన డాక్టరుకు ఆమే నా సంగతి చెప్పింది. చొక్కాలు వదులైపోయాయని, రాత్రి పైకొచ్చిన నీళ్లతో తెల్లారేసరికి దిండు తడిసి ఉంటోందని. ఇవేవీ ఆమెకు తెలియవనుకున్నాను. కెమెరా వేసి చూస్తే లోపల గడ్డ ఏదీ కనబడలేదు. గొంతు నుంచి పొట్టదాకా ఉన్న గొట్టం ముద్దను కిందికి తోస్తోందో లేదో కొలవాలని, ఆ మిషను విరుదునగర్‌లో ఉందని, అది చూడకుండా ఎవరూ ఆపరేషన్ చెయ్యరని డాక్టరు చెప్పాడు.

బస్సెక్కే ముందు నా భార్య నా ముందుకొచ్చి నిలబడింది. "నా వంటా, నీ గొంతా, ఆ మిసను సెప్పనీ బావా. నీ గొంతే అంటే ఆ మాట నీ నోటితో నువ్వు సెప్పల్ల. సగంలో లేసి వస్తివో, సెప్పకపోతివో, నేను మా అన్న ఇంటికి పోతా."

విరుదునగర్‌లో ఆ గదిలో మిషను దగ్గర ఉన్నది ఒక్కతే ఆడమనిషి, ముప్పయ్యేళ్లుంటాయి. ముక్కులో మందు రాసి, సన్నటి గొట్టం దూర్చి, మింగుతూ ఉండమని అరవంలో చెప్పింది. గొట్టం గొంతు వెనక తగిలిన క్షణంలో నాలో మనిషితనం పోయింది. ఆమె మణికట్టు పట్టి మెలితిప్పి, గొట్టాన్ని బయటికి లాగేశాను. ముక్కులోంచి రక్తం తెల్ల చొక్కా మీదికి కారింది. ఆమె చేతి మీద నా ఉంగరం అచ్చు పడింది.

"ఇంకోసారి పెట్టమ్మా" అంది నా భార్య తెలుగులో.

మిషను దగ్గరి ఆ మనిషి చెయ్యి రుద్దుకుంటూ తలెత్తింది. "మన బాసేనా అక్కా? మాది తాయిల్పట్టి." తర్వాత నాకేసి తిరిగింది. "పటాసుల్లో మందు కూరే ఇంటి ఆడబిడ్డని సార్. సద్దుకి బెదరను. అయితే ఇంకోసారి లాగితిరా, మీరు ఊరికి పోవచ్చు."

అలాంటి ఇళ్లవాళ్లు మా గుమ్మం ముందు నన్ను 'సామీ' అనేవారు. ఈమె 'సార్' అంది.

రెండోసారి నా భార్య నా రెండు చేతులూ మంచానికేసి అదిమింది. అందులో ప్రేమేమీ లేదు. దొంగను పట్టుకున్నట్టు పట్టుకుంది. గోళ్లు చర్మంలోకి దిగాయి. గొట్టం కూడా దిగింది.

"పండుకోండి సార్. పండుకునే మింగల్ల."

"మా ఇంట్లో పడుకుని తాగం."

"మిసనుకి మీ ఇల్లు తెలీదు సార్."

పడుకున్నాను. ఆమె సిరంజితో ఉప్పునీళ్లు నోట్లో పోసి "మింగండి" అనేది, వెంటనే "ఇంక మింగొద్దు" అనేది. అరనిమిషం ఆగాలి. నోట్లో ఉమ్మి ఊరేది, పిడికిళ్లు బిగిసేవి, పైన నా భార్య బరువు. అలా పదిసార్లు. నా తండ్రి కూడా నన్ను అలా ఆజ్ఞాపించలేదు. అయిదో గుటక తిరిగి పైకొచ్చి ఊపిరాడలేదు. చేతులు విదిలించాను. నా భార్య వదల్లేదు.

పదీ అయ్యాక ఆ మనిషి తెర మీద నా భార్యకు చూపించింది. "ఇదో అక్కా, బాగుండే వాళ్లకి ఇక్కడినించి కిందికి రంగు గీత జారతాది. ఈయనకి ఏమీ లేదు, సూడు. కింద తలుపు తెరవనే లేదు. ఉప్పునీల్లు కూడా దిగలే."

"ఆ నీల్లకి నేను తాలింపు పెట్టలేదే" అంది నా భార్య.

ఇద్దరూ నవ్వారు. నేను తెర వైపు చూస్తూ పడుకున్నాను. మా నాయన చివరి ఏడాది ఎముకల గూడై పోయాడు. అమ్మ వంటే ఆయన్ను చంపిందని ఊరంతా అనుకున్నారు. నేనూ అన్నాను, ఆమె ముఖం మీదే.

తిరుగు బస్సు సాత్తూరు దాటింది.

"సెప్పు" అంది నా భార్య.

"నీ వంటలో తప్పు లేదు. తప్పు నా గొంతుదే" అన్నాను, మెల్లగా.

"అరవంలో సెప్పు. నువ్వు కంచం కొట్టిన సద్దు వీదంతా ఇనింది గదా. ఇది బస్సంతా ఇననీ."

మా ఇంటి మాట గడప దాటించినవాణ్ణి కాను. వీపు సీటుకు ఆనకుండా కూర్చుని, అరవంలో, వెనక సీట్లదాకా వినబడేలా చెప్పాను. ముందు సీటు ముసలాయన తిరిగి నా చొక్కా మీది రక్తాన్నీ, ఆమె కనుబొమ్మ మీది మచ్చనూ చూసి, మళ్లీ ముందుకు తిరిగాడు.

అప్పుడు నా భార్య తన ఒళ్లో ఉన్న డబ్బా మూత తీసింది. పులుసన్నం. మా ఇంట్లో మగవాడు తినకముందు ఆడది తినదు. రెండేళ్లుగా నేను విసిరికొట్టగా మిగిలిందే ఆమె తిన్నది. ఆ రోజు నన్ను అడగలేదు. ముద్ద మీద ముద్ద, డబ్బా ఖాళీ అయ్యేదాకా తింది. నేను నిటారుగా కూర్చుని, ఆమె గొంతు కదలడం చూస్తూ ఉన్నాను.